మీరు ఇంటికి వెళ్లాక నడిచే హోటల్ గురించి: హైదరాబాద్ హోటల్ మేనేజర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జనరల్ మేనేజర్లకు, డిపార్ట్‌మెంట్ హెడ్లకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ హోటళ్లలో హౌస్‌కీపింగ్ పని చేస్తున్నదాన్ని. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక చిన్న హోటల్లో గదులు సర్దడంతో మొదలుపెట్టి, బంజారాహిల్స్‌లో కొన్నేళ్లు చేసి, ఇప్పుడు మాదాపూర్ వైపు ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. చాలామంది జీఎంల దగ్గర పనిచేశాను. కోపిష్ఠులను చూశాను, నెమ్మదస్తులను చూశాను, నెలకోసారి కూడా ఫ్లోర్ మీద కనిపించనివాళ్లనూ చూశాను. వాళ్లలో ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీరు కూర్చునే చోటు నుంచి కనిపించని ఒక విషయం మాకు రోజూ కనిపిస్తుంది. దాన్ని మీ దాకా తేవాలని రాస్తున్నాను.

హోటల్ ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. మీరు ఎంత కష్టపడ్డా పది, పన్నెండు గంటలు ఉంటారు. ఆఫీసు అయితే సాయంత్రం లైట్లు ఆర్పి తాళం వేస్తారు. మన దగ్గర రాత్రి రెండింటికి శంషాబాద్‌లో ఫ్లైట్ దిగిన గెస్ట్ అప్పుడే వస్తాడు. ఆ టైమ్‌లో కౌంటర్ దగ్గర ఉండేది పాతికేళ్లు కూడా లేని కుర్రాడు. ఆ అబ్బాయికి మీరు ఏం నేర్పారు, ఏం చేయనిచ్చారు, దేనికి భయపెట్టారు అనేదాన్ని బట్టే ఆ గెస్ట్‌కు మీ హోటల్ అర్థమవుతుంది. మీరు లాబీలో ఉన్నప్పుడు అందరూ నిటారుగా నిలబడతారు. మీ పద్ధతి మంచిదో కాదో తేల్చుకోవడానికి అది చాలదు.

నేను పనిచేసిన ఒక హోటల్లో జరిగింది చెబుతాను. మే నెల. రాత్రి ఒంటిగంట దాటాక ఐదో ఫ్లోర్‌లో ఒక గదిలో ఏసీ ఆగిపోయింది. ఇంజనీరింగ్ అబ్బాయి వచ్చి చూసి, పార్టు మార్చాలి, పొద్దున దాకా కాదన్నాడు. గదిలో ఉన్నది మనవరాలి పెళ్లికి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య. ఆ కేటగిరీలో గదులన్నీ నిండిపోయాయి. పై ఫ్లోర్‌లో రెండు సూట్లు, అంటే ఖరీదైన పెద్ద గదులు, ఖాళీ. ఫ్రంట్ ఆఫీస్ అబ్బాయికి కంప్యూటర్‌లో ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయి. కానీ సూట్ ఇవ్వాలంటే జీఎం గారు ఓకే చెప్పాలి. డ్యూటీ మేనేజర్ ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. అంతకు వారం ముందు రాత్రిపూట ఫోన్ చేసినందుకు "ఈ మాత్రం దానికి నన్ను లేపుతావా" అని తిట్లు తిన్నాడు పాపం. అడక్కుండా అప్‌గ్రేడ్ ఇచ్చిన ఇంకొకతనికి అంతకుముందు నెలలోనే మెమో వచ్చింది. అడిగినా తప్పే, అడక్కపోయినా తప్పే. నేను స్టోర్ తీసి ఒక స్టాండ్ ఫ్యాన్ పంపించాను. అది గదిలో వేడిగాలి తిప్పడం తప్ప ఏమీ చేయలేకపోయింది. ఆ దంపతులు తెల్లవారేదాకా లాబీ సోఫాలో కూర్చున్నారు. పెద్దావిడ కాళ్లు వాచిపోయి, చెప్పులు విప్పేసి, కాళ్ల కింద హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుంది. సూట్లు రెండూ పొద్దున దాకా ఖాళీగానే ఉన్నాయి.

మర్నాడు జీఎం గారు వాళ్లకు పండ్ల బుట్ట పంపించి, మమ్మల్నందరినీ నిలబెట్టి "మీకు కామన్‌సెన్స్ లేదా" అని అడిగారు. అందరికీ ఉంది. దాన్ని వాడుకునే అనుమతి ఆ రాత్రి ఎవరికీ లేదు.

మా దగ్గరికి ట్రైనింగ్‌కు వచ్చిన, విద్యానగర్ ఐహెచ్ఎంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివే అమ్మాయి ఒకరోజు పాంట్రీలో లినెన్ లెక్కపెడుతూ తన క్లాసు పాఠం చెప్పింది. మీరందరూ చదువుకునే ఉంటారు. 1939లో అమెరికాలో కర్ట్ లెవిన్ అనే సైకాలజిస్టు, మరో ఇద్దరు కలిసి పదేళ్ల పిల్లలను చిన్న చిన్న జట్లు చేసి, మాస్కులు చేయడంలాంటి పనులు ఇచ్చారు. ఒక తరహా నాయకుడు అన్నీ తనే చెప్పి చేయించాడు. ఇంకో తరహా నాయకుడు పిల్లలతో మాట్లాడి, వాళ్లతో కలిసి నిర్ణయించాడు. మూడో తరహా నాయకుడు మీ ఇష్టం అని వదిలేశాడు. అన్నీ తనే చెప్పే నాయకుడి దగ్గర పని బాగానే సాగింది. ఆయన గదిలోంచి బయటికి వెళ్లగానే పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న పిల్లలు మాత్రం నాయకుడు లేకపోయినా పని ఆపలేదు. ఆ అమ్మాయి దీన్ని పరీక్ష కోసం గుర్తుపెట్టుకుంది. నాకు మాత్రం వెంటనే ఆ ఏసీ రాత్రి గుర్తొచ్చింది. నాయకుడు రోజూ సగం సేపు బయటే ఉండే పని మనది. ఆ పాఠం హోటల్ వాళ్లకు పట్టినంతగా ఇంకెవరికీ పట్టదేమో.

భయం ఇంకో పని కూడా చేస్తుంది. తప్పులను దాచిపెట్టిస్తుంది. ఇది మీకు డబ్బుతో కూడిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మా రూమ్ అటెండెంట్లు ఒక్కొక్కరు షిఫ్టుకు 14 నుంచి 16 గదులు చేస్తారు. పరుపు ఎత్తి, షీటు మార్చి, బాత్‌రూమ్ కడిగి, మినీబార్ చూసి, బయటికి రావాలి. ఆ హడావిడిలో కూడా వాళ్ల కంటికి అన్నీ కనిపిస్తాయి. ఒక గదిలో గెస్ట్ సిగరెట్ పడి కార్పెట్‌కు చిల్లు పడింది. గెస్ట్ ఇంకా చెక్అవుట్ చేయలేదు. అప్పుడే చెబితే ఆ ఖర్చు గెస్ట్ బిల్లులో వేయవచ్చు. కానీ ఆ అమ్మాయి చెప్పలేదు. కుర్చీ జరిపి, కాలు సరిగ్గా ఆ చిల్లు మీద పెట్టింది. ఎందుకంటే ఆ నెలలోనే ఒక గదిలో కెటిల్ పగిలితే, అది ఎవరి వల్ల పగిలిందో అడక్కుండా అటెండెంట్ జీతంలో కోశారు. రెండు వారాల తర్వాత ఇంకో గెస్ట్ కుర్చీ జరిపాడు, ఫొటో తీసి రివ్యూలో పెట్టాడు. అప్పుడు మీటింగ్ పెట్టారు. చిల్లు ఎప్పుడు పడిందో ఎవరూ నోరు విప్పలేదు.

అదే ఊళ్లో ఇంకో హోటల్లో నేను చూసిన పద్ధతి వేరు. అక్కడి హౌస్‌కీపింగ్ మేనేజర్ మేడమ్ రోజూ మధ్యాహ్నం లాగ్‌బుక్ తెరిచి, ఏదైనా నష్టం మొదట రాసినవాళ్ల పేరు చదివి "థాంక్యూ అమ్మా" అనేవారు. అంతే. ఇనామ్ లేదు, సర్టిఫికెట్ లేదు. ఆ హోటల్లో లీకయ్యే కుళాయి దగ్గర్నుంచి వదులైన గ్రిల్లు దాకా అన్నీ లాగ్‌బుక్‌లోకి వచ్చేవి. ఆవిడ మెత్తని మనిషని అనుకోకండి. గ్లాసు తుడిచే బట్టతో సింక్ తుడిస్తే అక్కడికక్కడే ఆపించి, గది మొత్తం మళ్లీ చేయించేవారు. పనిలో రాజీ లేదు, కానీ నిజం చెప్పినవాళ్లకు దెబ్బ తగలనిచ్చేవారు కారు. నేను చూసినవాళ్లలో గొప్ప నాయకురాలు ఎవరంటే ఆవిడనే చెబుతాను.

గట్టిగా ఆర్డర్లు వేయడం ఎప్పుడూ తప్పని నేను అనడం లేదు. పెళ్లిళ్ల సీజన్‌లో బాంక్వెట్ హాల్ చూసినవాళ్లెవరూ అనలేరు. మధ్యాహ్నం దాకా ఐటీ కంపెనీ మీటింగ్, సాయంత్రం ఆరింటికి సంగీత్. మధ్యలో ఉన్న కొద్ది గంటల్లో కుర్చీలు తీసి, స్టేజీ కట్టి, బఫే కౌంటర్లు మార్చి, టేబుల్ బట్టలు ఇస్త్రీతో పరవాలి. ఆ టైమ్‌లో అందరి అభిప్రాయాలు తీసుకుంటూ కూర్చుంటే వెయ్యి మంది అతిథులు వరండాలో నిలబడతారు. ఫైర్ అలారం మోగినప్పుడు, ఫుడ్ విషయంలో అనుమానం వచ్చినప్పుడు ఒక్కరి మాటే వినపడాలి. కిచెన్‌లో ఆ క్రమం ఎప్పట్నుంచో ఉంది. ఇప్పుడు మన హోటళ్లలో ఉన్న చెఫ్, ఆయన కింద సూ చెఫ్, అందరికంటే కింద కమీ అనే వరసను తీర్చిదిద్దింది ఫ్రాన్స్‌కు చెందిన ఎస్కోఫియే. ఆయన సైన్యంలో వంట చేసి వచ్చినవాడు, అందుకే ఆ వరస పటాలంలా ఉంటుంది. కానీ అదే ఎస్కోఫియే తన వంటగదిలో అరుపులు, బూతులు, తాగుడు సహించలేదు. మన కిచెన్లు ఆయన దగ్గర నుంచి వరసను తీసుకున్నాయి, మర్యాదను వదిలేశాయి. పద్దెనిమిదేళ్ల ట్రైనీని తల్లి పేరు ఎత్తి తిడితే బిర్యానీ దమ్ము బాగా కుదరదు. ఆ పిల్లాడు ఆర్నెల్లలో హోటల్ లైన్ వదిలేసి డెలివరీ బండి ఎక్కుతాడు. అలా వెళ్లిపోయినవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు.

రష్ అయిపోయాక కూడా అదే గొంతుతో మాట్లాడితే ఇబ్బంది. వచ్చే వారం రోస్టర్ వేయడానికి ఎమర్జెన్సీ ఏమీ లేదు. ఎవరి వీక్లీ ఆఫ్ ఎప్పుడు, ఎవరికి మధ్యలో విరామంతో రెండు ముక్కలుగా ఉండే బ్రేక్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ అయిపోయిన అమ్మాయి ఏ బండిలో ఇంటికి వెళ్తుంది, ఇవన్నీ కూర్చుని మాట్లాడుకోదగ్గ విషయాలే. వీటిని కూడా ఆర్డర్ లాగా గోడకు అతికిస్తే, నిజంగా అలారం మోగినప్పుడు మీ గొంతుకు ఉండాల్సిన బలం మిగలదు. మనిషిని బట్టి కూడా తేడా ఉండాలి. మొన్న చేరిన ట్రైనీకి ప్రతీదీ చెప్పాలి, పక్కన నిలబడి చూపించాలి. పదిహేనేళ్లుగా గదులు చేస్తున్న అక్క పక్కన నిలబడి దిండు గలీబు ఎలా తొడగాలో చెబితే ఆవిడను అవమానించినట్టే.

ఇక మూడో రకం మేనేజర్లు. మంచివాళ్లు, నవ్వుతూ పలకరిస్తారు, ఎవర్నీ ఏమీ అనరు. ఏదడిగినా "మీరే చూసుకోండి" అంటారు. వీళ్లను అందరూ మెచ్చుకుంటారు. నా దృష్టిలో కింది స్టాఫ్‌కు ఎక్కువ నష్టం వీళ్ల దగ్గరే. పైన మనిషి పట్టించుకోకపోతే రోస్టర్‌ను గొంతున్నవాళ్లు రాసుకుంటారు. పండగ సెలవులు వాళ్లకు, నైట్ షిఫ్టులు ఒడిశా నుంచో మణిపూర్ నుంచో వచ్చిన పిల్లలకు. టిప్పుల డబ్బా ఎవరు తెరుస్తున్నారో, ఎవరికెంత పంచుతున్నారో అడిగేవాళ్లుండరు. కోపిష్ఠి మేనేజర్ దగ్గర కనీసం అందరికీ ఒకే దెబ్బ. ఇక్కడ బలహీనుడికే దెబ్బ, అది కూడా మేనేజర్‌కు తెలియకుండా. నెమ్మదితనాన్ని నేను తప్పుపట్టడం లేదు. రోస్టర్ చూడటం, టిప్పుల లెక్క అడగటం మీ పని, అది ఇంకొకరికి వదిలేయకండి అంటున్నాను.

పొద్దున బ్రీఫింగ్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మీలో చాలామంది ఢిల్లీ, ముంబై నుంచి వచ్చినవాళ్లు. మన ఊరి హోటళ్లు ఈ ఇరవై ఏళ్లలో ఎంతగా పెరిగాయో చూస్తే అది సహజమే. 2006లో హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్, దాని పక్కన నోవోటెల్ హోటల్ వచ్చినప్పటి నుంచి హైటెక్ సిటీ చుట్టూ వరుసగా లేచాయి. 2010లో ఫలక్‌నుమా ప్యాలెస్ హోటల్ అయింది, 2018లో ఐటీసీ కోహినూర్ వచ్చింది. అన్నిచోట్ల నుంచి మేనేజర్లు వచ్చారు. కానీ గదులు సర్దేవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, లాండ్రీలో ఉండేవాళ్లు ఎక్కువగా నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు నుంచి వచ్చినవాళ్లు. బ్రీఫింగ్ మొత్తం ఇంగ్లిష్‌లో సాగుతుంది. చివర్లో "ఎనీ క్వశ్చన్స్" అంటారు. ఎవరూ మాట్లాడరు. అందరికీ అర్థమైందని మీరనుకుంటారు. బ్రీఫింగ్ అయ్యాక నేను సర్వీస్ లిఫ్ట్ దగ్గర మళ్లీ తెలుగులో, హిందీలో చెబుతాను. అప్పుడు వస్తాయి ప్రశ్నలు. "అక్కా, ఆరో ఫ్లోర్‌లో ఫైర్ డోర్ ముందు పాత పరుపులు పెట్టారు కదా, ఎవరికి చెప్పాలి" అని ఒకసారి ఒక హౌస్‌మన్ అడిగాడు. పది రోజులుగా రోజూ దాటుకుంటూ వెళ్తున్నాడట. బ్రీఫింగ్‌లో చెప్పడానికి ఇంగ్లిష్ లేదు, చెబితే ఏమైనా అంటారేమోనన్న భయం ఉంది. ఆ రోజే పరుపులు తీయించాం. మీరు తెలుగు నేర్చుకోవాలని పట్టుబట్టను. బ్రీఫింగ్‌లో రెండు నిమిషాలు ఎవరినైనా తెలుగులో చెప్పనివ్వండి, జవాబులు తెలుగులో రానివ్వండి.

కిందివాళ్లకు నిర్ణయం వదిలేస్తే దుర్వినియోగం అవుతుందని మీటింగుల్లో వింటూ ఉంటాను. రిట్జ్-కార్ల్టన్ హోటళ్లలో ఒక గెస్ట్ సమస్య తీర్చడానికి పై అధికారిని అడక్కుండా 2,000 డాలర్ల దాకా ఖర్చుపెట్టే అధికారం మామూలు ఉద్యోగికి కూడా ఉంది. ఆ కంపెనీ మునిగిపోలేదు, దాని పేరు చెప్పే ప్రపంచమంతా సర్వీస్ పాఠాలు చెబుతున్నారు. మనకు 2,000 డాలర్లు అక్కర్లేదు. 2,000 రూపాయలు చాలు. ఒక సూట్, ఒక టీ, ఒక ఉచిత డిన్నర్, ఒక క్యాబ్ ఛార్జీ. ఆ ముసలి దంపతులకు ఆ రాత్రి కావాల్సింది ఖాళీగా ఉన్న ఒక గది, దానికి అదనంగా రూపాయి ఖర్చు లేదు.

2008 నవంబర్ 26న ముంబై తాజ్ హోటల్ మీద జరిగిన ఉగ్రవాదుల దాడిని హోటల్ లైన్‌లో ఉన్నవాళ్లం ఎవరం మరిచిపోలేం. ఒక బాంక్వెట్ హాల్లో కంపెనీ డిన్నర్ నడుస్తుంటే తుపాకుల చప్పుళ్లు వినిపించాయి. అక్కడి బాంక్వెట్ మేనేజర్‌కు 24 ఏళ్లు. ఆమె పై నుంచి ఆర్డర్ వచ్చేదాకా ఆగలేదు. తలుపులు వేయించి, లైట్లు ఆర్పించి, అతిథులను టేబుళ్ల కింద పడుకోబెట్టింది. స్టాఫ్ రాత్రంతా వాళ్ల మధ్యే తిరుగుతూ నీళ్లిచ్చారు. తెల్లవారుజామున బయటపడే దారి దొరికినప్పుడు ముందు అతిథులు దిగారు. ఆ హోటల్ జనరల్ మేనేజర్ కరంబీర్ కాంగ్ భార్య, ఇద్దరు కొడుకులు పై అంతస్తులో మంటల్లో చనిపోయారు. ఆయన డ్యూటీ వదిలి వెళ్లలేదు. ఆ స్టాఫ్ అలా ఎందుకు నిలబడ్డారో తర్వాత హార్వర్డ్ వాళ్లు పరిశీలించి రాశారు. చిన్న ఊళ్ల పిల్లలను ఎంచుకోవడం, ఏడాదిన్నర శిక్షణ, గెస్ట్ తరఫున అక్కడికక్కడ నిర్ణయం తీసుకోమని నేర్పడం వాళ్లు చెప్పిన కారణాల్లో ఉన్నాయి. ఆ ధైర్యం ఆ ఒక్క రాత్రిలో వచ్చింది కాదు. మామూలు రోజుల్లో ఒక టీ కప్పు మార్చి ఇచ్చే నిర్ణయం కూడా సొంతంగా తీసుకోనివ్వని చోట, అలాంటి రాత్రి వస్తే అందరూ ఫోన్ వైపే చూస్తారు.

గెస్ట్ ముందు మీరు ఎవరి పక్కన నిలబడతారన్నది మాకు చాలా పెద్ద విషయం. గెస్ట్ దేవుడు, నిజమే, మేమూ అలాగే చూసుకుంటాం. కానీ తాగి గది తలుపు తీసి అమ్మాయి చెయ్యి పట్టుకున్నవాడు దేవుడు కాడు. నాకు తెలిసిన ఒక చోట అలా జరిగితే, ఆ అమ్మాయిని వేరే ఫ్లోర్‌కు మార్చి, గెస్ట్‌కు సారీ లెటర్ పంపారు, రెగ్యులర్ క్లయింట్ అని. ఆ అమ్మాయి మూడో రోజు మానేసింది. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. పనిచేసే చోటికి వచ్చే బయటివాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని ఆ చట్టంలోనే ఉంది. అంటే గెస్ట్ కూడా దానికి అతీతుడు కాదు. కమిటీ పేర్లు మీ స్టాఫ్ కెఫెటీరియా గోడ మీద తెలుగులో ఉన్నాయో లేదో ఒకసారి కిందికి దిగి చూడండి. ఉంటే, రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి ఆ టైమ్‌లో ఎవరికి ఫోన్ చేయాలో కూడా అక్కడ ఉందో లేదో చూడండి.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. రాత్రి డ్యూటీలో ఉన్న ఫ్రంట్ ఆఫీస్ అసిస్టెంట్, రూమ్ అటెండెంట్, స్టీవార్డ్, సెక్యూరిటీ, వీళ్లు మిమ్మల్ని అడక్కుండా ఏమేం చేయవచ్చో ఒక కాగితం మీద రాయండి. గది మార్చడం, ఇంత మొత్తం దాకా బిల్లులో తగ్గించడం, అమ్మాయి చెయ్యి పట్టుకున్నవాడి గదికి సర్వీస్ ఆపేసి సెక్యూరిటీని పిలవడం, ఏదైనా సరే. తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో రాయించి, కింద మీ సంతకం పెట్టి, డెస్క్ లోపలి వైపు అతికించండి. ఆ కాగితం ప్రకారం చేసిన పని మర్నాడు మీకు నచ్చకపోయినా, దాని మీద ఎవరికీ మెమో ఇవ్వకండి. నచ్చకపోతే కాగితం మార్చండి. ఏ విషయానికి అర్ధరాత్రి అయినా మిమ్మల్ని లేపవచ్చో అది కూడా అందులోనే రాయండి, అలా లేపినప్పుడు ఫోన్ ఎత్తి మర్యాదగా మాట్లాడండి.

కార్తీకంలో పెళ్లిళ్లు మొదలైతే మళ్లీ ఊపిరి తిరగదు. ఆ లోపు చేయండి. కాగితంలో ఏమేం ఉండాలో మాట్లాడటానికి పై డిపార్ట్‌మెంట్లవాళ్లతో పాటు ఒక రూమ్ అటెండెంట్‌ను, ఒక నైట్ షిఫ్ట్ అబ్బాయిని కూడా కూర్చోబెట్టండి. వాళ్లకు ఆ గంట డ్యూటీ కిందే లెక్క వేయండి. మా హోటల్లో పిలిస్తే నేను నా వీక్లీ ఆఫ్ రోజయినా వస్తాను.

ఇట్లు,
ఒక హౌస్‌కీపింగ్ ఫ్లోర్ సూపర్‌వైజర్,
హైదరాబాద్